ఇంటిపేరు పసిరికల

మంగళవారం పదకొండు గంటలప్పుడు నిర్మల మెడికల్ షాపులో స్టూలెక్కి దగ్గుమందు సీసాలు సర్దుతుంటే ఫోనుకు మెసేజీ వచ్చింది. యూనివర్సిటీ నుంచి. ఇంగ్లీషులో మూడు వరసలే ఉన్నాయి. ఆమె పంపిన సర్టిఫికెట్లలో లోపం ఉంది, ఇంటిపేరు కలవడం లేదు, వచ్చే బుధవారం సాయంత్రం నాలుగు గంటల లోపు సరిచేయకపోతే రిజర్వేషన్ కింద లెక్కలోకి తీసుకోరు.

ఆమె స్టూలు మీదే నిలబడి రెండుసార్లు చదివింది. కింద ఎవరో పారాసెటమాల్ అడుగుతున్నారు. దిగి, ఇచ్చి, సేటుకు చెప్పి, ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో ఉన్న అజ్మల్ దుకాణానికి పోయింది. ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు అన్నీ అక్కడే. ఆమె కాగితాలన్నీ స్కాన్ చేసి పంపింది అజ్మలే.

"అక్కా, నీకు రెండు పేర్లున్నయి," అన్నాడు అజ్మల్ తెర మీద వేలు పెట్టి. "పదో తరగతి మెమో మీద పసిరికల నిర్మల. కులం సర్టిఫికెట్ మీద చెనమోని నిర్మల. ఈ ఇద్దరు ఎవరని అడుగుతున్నరు."

"ఇద్దరం నేనే."

"నాకెర్కే. కంప్యూటర్‌కెర్క లేదు."

నీట్ పరీక్షలో ఆమెకు వచ్చినవి మూడు వందల ఎనభై ఏడు. ఆ మార్కులకు ఎంబీబీఎస్ రాదు, ఆమె ఆశపడనూ లేదు. ఆమె కోరింది ఆయుర్వేదం. బీసీ లెక్కలో పడితే ఎర్రగడ్డ సర్కారు కాలేజీలో సీటుకు ఆ మార్కులు అంచున నిలబడతాయి. ఆ లెక్కలో పడకపోతే జారిపోతాయి. ఇంకో ఏడాది చదివి మళ్లీ రాసే ఓపిక ఆమెకు ఉంది. ఇంకో ఏడాది ఆ ఇంట్లో ఒక్కతే ఉండే ఓపికే లేదు.

"ఇన్నేండ్లు ఎవ్వరు పట్టుకోలేదా అక్కా?"

"కులం సర్టిఫికెట్ బాపు పాత కాగితం చూసి రాసిండ్రు. రెండు కాగితాలు పక్కపక్కకు ఎవ్వరు పెట్టలే."

పసిరికలంటే కామెర్లు. రోగం పేరు ఇంటిపేరెట్లా అయిందంటే, ఆ కథ ఆమె బడిలో చేరిన రోజుది.

నిర్మల తండ్రి సిద్దయ్య కామెర్లకు ఆకు మందు ఇచ్చేవాడు. ఇబ్రహీంపట్నానికి బొంగులూరు దిక్కున, మూడు మైళ్ల లోపలే వాళ్ల ఊరు. ఆదివారం తెల్లవారేసరికి వాళ్ల గడప ముందు ఆటోలు ఆగి ఉండేవి. తుర్కయాంజాల్ నుంచి వచ్చేవాళ్లు, నగరం నుంచి కార్లలో కూడా వచ్చేవాళ్లు. మందుకు పైసలు తీసుకుంటే గుణం పోతుందని సిద్దయ్య నమ్మకం. కొబ్బరికాయ ఒకటి గడప దగ్గర పెట్టిపోతే చాలు. బతుకుదెరువుకు మాత్రం కైకిలికి, కూలిపనికి పోయేవాడు, భూములు ప్లాట్లయినాక వెంచర్ల దగ్గర కావలి ఉండేవాడు. కానీ ఊరికి ఆయన కైకిలోడు కాదు, కావలోడు కాదు, పసిరికల సిద్దయ్య.

బిడ్డను బడికి తీసుకుపోయిన రోజు హెడ్మాస్టరు రిజిస్టరు తెరిచి "ఇంటిపేరు?" అని అడిగాడు. ఆ హెడ్మాస్టరు కూడా అంతకు ముందు ఏడాది మూడు ఆదివారాలు సిద్దయ్య చేతి మందు తాగినవాడే. సిద్దయ్య నోరు తెరిచేలోపల వరసలో నిలబడ్డవాళ్లే నవ్వుతూ అందుకున్నారు: "ఇంకేం పేరు సార్, పసిరికల!" హెడ్మాస్టరు రాసుకున్నాడు. సిద్దయ్యకు చదువు రాదు. రాసింది ఏమిటో ఆయనకు చాలా ఏళ్లదాకా తెలియదు.

తెలిసింది నిర్మలకు. "ఏ, పసిరికలు వచ్చింది, జరగుండ్రి, అంటుకుంటది" అని పిల్లలు బెంచీ చివరికి జరిగేవాళ్లు. హాజరు పిలిచిన ప్రతిరోజూ ఎవడో ఒకడు నా కళ్లు పచ్చగా ఉన్నాయా అని తన రెప్పలు లాగి చూపించేవాడు. ఎనిమిదో తరగతిలో ఆమె ఒకరోజు ఏడ్చుకుంటూ వచ్చి, "బాపూ, నా పేరు మార్పియ్యి," అంది.

సిద్దయ్య చుట్ట ఆర్పి ఆలోచించి, "మన ఇంటిపేరు ఈ ఊర్ల ఎవ్వనికెర్క బిడ్డా? నేను మీ అమ్మింటికి ఇల్లరికం వచ్చినోన్ని. గది నా వెంట రాలే. ఇది ఊరు పెట్టింది. పెట్టినోళ్లను కాదంటే ఏం బాగుంటది?" అన్నాడు.

ఆ సంభాషణ అంతటితో అయిపోయింది. అప్పటికే తల్లి శంకరమ్మ పోయి ఏడాది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఇద్దరున్న ఇంట్లో ఒకరు మాట తెంపితే రెండోవాళ్లకు తోడు వాదించేవాళ్లు ఉండరు.

ఇక ఆ ఆకు సంగతి.

ఆకు తెచ్చే పనికి కట్టుబాట్లున్నాయి. ఆదివారం పొద్దు పొడవకముందే సంచి భుజాన వేసుకుని పోవాలి. ఇల్లు దాటినప్పటి నుంచి మళ్లీ ఇంట్లో కాలు పెట్టేదాకా నోరు విప్పకూడదు. తొవ్వలో ఎవరూ "యాడికి?" అని అడగకూడదు. అడిగితే వెనక్కి రావాల్సిందే, ఆ వారం మందు లేదు. అందుకే ఊరు ఊరంతా ఆ ఒక్క మాట విషయంలో జాగ్రత్త పడేది. ఆదివారం తెల్లవారుజామున సిద్దయ్య వాకిలి దాటితే, కల్లాపి చల్లే ఆడవాళ్లు తల వంచుకునేవాళ్లు, పండ్లు తోముకునేవాళ్లు మొహం గోడకు తిప్పుకునేవాళ్లు. అంత పెద్ద ఊరు ఆయన కోసం కొద్దిసేపు మూగదయ్యేది. నిర్మల ఆరేళ్ల వయసు నుంచి తండ్రి వెంట, ఆయన అడుగులో అడుగు వేస్తూ, ఆ మూగతనం మధ్య నుంచి నడిచింది.

ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు. ఇంట్లో కూడా పలకకూడదు. అందుకని వాళ్లింట్లో దాన్ని 'గది' అనేవాళ్లు. అది అనడానికి ఆ దిక్కున గది అంటారు కదా, అంతే. "గది ఎండిందా?" "గది సాలదు, ఇంకో గుప్పెడు కావాలె." చిన్నప్పుడు నిర్మల దాని పేరు నిజంగా గదే అనుకునేది. పెద్దయినాక అడిగితే సిద్దయ్య నవ్వాడు. "పేరున్నదాన్ని ఎవ్వడైన పిలుస్తడు. పేరు లేనిది పిలిస్తె రాదు. పోయి తెచ్చుకోవాలె." చెప్పే వేళ వచ్చినప్పుడు చెప్తానన్నాడు.

ఆ వేళ కరోనా రెండో విడతలో వచ్చింది. నగరంలో సర్కారు దవాఖానలో పడుకోబెట్టారు. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. నిర్మల గేటు బయట, బిస్కెట్లమ్మే బండి నీడలో నాలుగు రోజులు కూర్చుంది. నాలుగోరోజు ఒక నర్సు జాలిపడి తన ఫోనులోంచి తండ్రితో మాట్లాడించింది. మాస్కు లోపలి నుంచి ఊపిరి, మళ్లీ ఊపిరి, ఆ తర్వాత ఒక్కటే మాట.

"గది..."

"చెప్పు బాపూ. గది ఏంది? చెప్పు."

ఊపిరి. తర్వాత నర్సు గొంతు. ఆమె కోస్తా దిక్కు అమ్మాయి, మర్యాదగా మాట్లాడేది. "మీ నాన్నగారు పొద్దుట్నుంచి గది, గది అంటున్నారమ్మా. గది మార్చమంటున్నారు. కానీ ఇప్పుడు ఎక్కడా ఖాళీ లేదు, ఏమనుకోకండి."

ఆ సాయంత్రమే ఆయన పోయాడు. ఆ మాట ఆకేనో, దవాఖాన మంచం కింద పెట్టిన బట్టల సంచేనో, నిజంగానే ఇంకో గది అడిగాడో నిర్మలకు ఇక ఎప్పటికీ తెలియదు. తొమ్మిది నెలలుగా ఆమె ఆ ఒక్క మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉంది.

కాగితం పని మళ్లీ తహసీల్దారు ఆఫీసుకే వచ్చింది. 'ఇద్దరూ ఒక్కరే' అని ఒక ధ్రువపత్రం ఇస్తారట. దానికి గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఊరికి వచ్చి విచారణ చేసి పంచనామా రాయాలి. గిర్దావర్ చెడ్డవాడేం కాదు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కాగితాలు చూసి, "సోమవారం పదకొండు గంటలకు మీ పంచాయతీ ఆఫీసుకు వస్త. కాగితాల మీద ఇద్దరు సిద్దయ్యలున్నరు తల్లీ. ఇద్దరు ఒక్కడే అని చెప్పేటోళ్లను పిలిచి పెట్టు," అన్నాడు.

"ఎంతమంది సార్?"

"నలుగురైదుగురు సంతకాలు పెట్టాలె. కని రెండు పేర్లు ఎర్క ఉన్నోళ్లు ఒక్కరన్న ఉండాలె. ఉత్త సంతకాలైతె నేనొప్పుకోను."

అదేం పెద్ద పని అనుకుంది నిర్మల. తీరా ఊర్లో అడగడం మొదలుపెట్టాక తెలిసింది అసలు చిక్కు. పసిరికల సిద్దయ్య అంటే ఊరంతా సాక్ష్యం చెప్తుంది. చెనమోని సిద్దయ్య అంటే ఒక్కరికీ తెలియదు.

పక్కింటి నన్నే బీ జొన్నరొట్టె కాలుస్తూ నోరెళ్లబెట్టింది. "చెనమోని? గాయనెవరు? మీ బాపు గా పేరు నాకెన్నడు చెప్పలే. నలబై ఏండ్ల నుంచి ఒక్క గోడ మాది!"

"గిర్దావర్‌తోని ఎర్క అని చెప్పు నాని, జర."

"చెప్త బేటీ, ఎందుకు చెప్ప. కని గాయన ఒక్కసారి నా మొకం దిక్కు చూసిండంటె నా మొకమే చెప్తది నాకేం తెల్వదని." రొట్టె తిప్పి తనే అంది. "సుక్కమ్మ దగ్గరికి పో. మీ బాపు పుట్టింది గామె తల్లిగారూర్లనే, మహేశ్వరం దిక్కు. గామెకు తప్ప ఈడెవ్వరికి తెల్వది."

నిర్మల చూపు పొయ్యి మీదికి తిప్పుకుంది. నన్నే బీ రొట్టె మీంచి తల ఎత్తి చూసింది. "ఏంది, ఇంక మాట్లాడుతలేరా మీరు?"

"లేదు."

"తోబా," అంది నన్నే బీ. "నీకు ఆమె తప్ప దిక్కు లేదు, ఆమెకు నీ మీద కోపం తప్ప లేదు."

ఆ కోపం సంగతి ఇది. సిద్దయ్య పోయాక కూడా ఆదివారాలు జనం రావడం మానలేదు. "తండ్రి చెయ్యి బిడ్డకొస్తది" అని వాళ్ల ధీమా. నిర్మల అప్పటికి పరీక్షకు చదువుతోంది. కామెర్లన్నీ ఒక్క రోగం కాదని, కళ్లు పచ్చబడటానికి లోపల పది కారణాలుంటాయని చదువుకుంది. తండ్రి చేతి మందుతో ఎంతమంది బాగుపడ్డారో చూసింది. ఎంతమందికి దానంతట అదే తగ్గేదో మాత్రం ఆమెకు తెలియదు. తెలియని పని తండ్రి పేరు మీద చేయకూడదని నిశ్చయించుకుంది. వచ్చినవాళ్లకల్లా రక్తపరీక్ష చేయించుకోమని చెప్పి పంపేది.

వర్షాకాలం మొదట్లో ఒక ఆదివారం సుక్కమ్మ కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. కొడుకు పరమేశ్వర్ వెంచరు వాళ్ల కారు నడిపేవాడు. వారం నుంచి కళ్లు పచ్చగా, కడుపులో నొప్పి. నిర్మల తలుపు ఒక రెక్క మాత్రమే తీసింది. "మందు లేదు పెద్దమ్మా. దవాఖానకు తీస్కపో" అని, రెక్క వేసేసింది. ఇంకో నిమిషం నిలబడితే తను కూడా సంచి భుజాన వేసుకుని తండ్రి తొవ్వన నడుస్తుందని భయం. అది సుక్కమ్మకు ఎట్లా తెలుస్తుంది?

పరమేశ్వర్‌కు పిత్తనాళంలో రాయి ఉందని తేలింది. ఆపరేషన్ చేశారు, బాగయ్యాడు. ఊరంతా "నిర్మల చెప్పబట్టి బతికిండు" అంది. సుక్కమ్మ మాత్రం ఆ రోజు నుంచి నిర్మలను చూస్తే పక్క సందులో నుంచి పోయేది.

శుక్రవారం సాయంత్రం షాపు నుంచి వచ్చి నిర్మల ఆమె ఇంటికి పోయింది. సుక్కమ్మ పెరట్లో గొంతుక్కూర్చుని గడ్డి పీకుతోంది. తల ఎత్తలేదు.

"పెద్దమ్మా."

"ఎవరు? డాక్టరమ్మనా? ఇంక కాలేదా?"

"ఇంక కాలే. నువ్వు సంతకం పెడితేనే అయ్యేటట్టున్నది."

"నాకు సంతకం రాదు. బొటనవేలు. గదే మొన్న మీ తలుపు సందుల పడుతుండె, నువ్వు వేసినప్పుడు." గడ్డిని గంపలో విసిరింది. "నువ్వు మందియ్యలేదని కాదు నాకు కోపం. పెద్దడాక్టర్ గూడ నువ్వు చెప్పిందే చెప్పిండు. కని సిద్దయ్య గడపకెళ్లి నిలబడ్డోళ్లు నిలబడ్డట్టె తిరిగి ఎన్నడన్న వచ్చిండ్రా? మందు లేకపోతె పాయె. కూసోమన్నవా? ఇన్ని నీళ్లిచ్చినవా? కొడుకు సస్తడేమో అని వచ్చిన దాన్ని."

 ఆ తలుపు రెక్క వేసిన చప్పుడు నిర్మలకు కూడా గుర్తే. ఆమె అక్కడే, మట్టిలో, సుక్కమ్మకు ఎదురుగా కూర్చుంది. గిర్దావర్ సంగతి, రెండు పేర్ల సంగతి, బుధవారం సంగతి చెప్పింది.

సుక్కమ్మ చేతులకంటిన మట్టి దులుపుకుంది. "మీ బాపు ఇంటిపేరు నాకెర్కే. ఆయన తాత పేరు గూడ ఎర్క. చెప్త." గంప పక్కకు జరిపింది. "ఆయన పేరు నేను చెప్త. ఆకు పేరు నువ్వు చెప్పు."

"నాకు తెల్వది పెద్దమ్మా."

"ఎవ్వలకు చెప్తున్నవ్! ఇంత ఉన్నప్పటి సంది ఆయన వెంట తిరిగితివి."

"ఒట్టు. మా ఇంట్ల దాన్ని గది అనేటోళ్లం. అంతే. ఆఖరుకు చెప్పాలనుకున్నడో ఏమో..." ఆమె మళ్లీ మొదలుపెట్టి, గేటు దగ్గర బిస్కెట్ల బండి, ఫోను, ఆ ఒక్క మాట, నర్సు దాన్ని అర్థం చేసుకున్న తీరు అన్నీ చెప్పింది. తొమ్మిది నెలల్లో ఈ మాట ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు. చెప్పమని ఎవరూ అడగలేదు.

సుక్కమ్మ గంపలోకి చూసింది. "గది మార్చుమన్నడు అన్నదా ఆ పిల్ల," అని ఒక్కసారి గొణుక్కుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది.

"పేరు తెల్వది," అంది నిర్మల. "సూపెడ్త. ఆదివారం రా."

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే ఇద్దరూ బయలుదేరారు. ముందు నిర్మల, వెనక సుక్కమ్మ. అంతదాకా ఆ తొవ్వలో నిర్మల ఎప్పుడూ తండ్రి వెనకే నడిచింది. ఈరోజు ముందు ఎవరి మడమలూ లేవు. ఎటు అడుగు వేయాలో ఆమెకు కాళ్లే చెప్పాలి.

కాళ్లకు తెలిసిన తొవ్వ చాలాచోట్ల లేదు. చెలకల మధ్య కొత్తగా కంకర రోడ్డు పడింది. కమాను కట్టారు. వరసగా తెల్ల రాళ్లు, రాళ్ల మీద ఎర్రరంగు అంకెలు, కట్టెలకు జెండాలు. దూరంగా రింగురోడ్డు మీద లారీల దీపాలు పోతున్నాయి. తండ్రి ఎప్పుడూ ఆగే చోటు ఒక మోరీ, నీళ్లు పోయే తూము, పక్కన ఊట నేల. అక్కడికొచ్చి నిర్మల ఆగిపోయింది. మోరీ ఉంది. దాని పక్క నేలంతా జేసీబీ చెక్కేసి మొరం పరిచి ఉంది.

మాట్లాడకూడదు. లేకపోతే "అయ్యో" అనేది. వంగి మొరం మీద చేత్తో తడుముతూ పోయింది. ఒక రాయి వెనక, ఇంకో రాయి వెనక. సుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి చూస్తోంది. తొమ్మిది నెలలు నిర్మల ఇటు రాలేదు. రాకుండా ఉన్నన్నాళ్లూ అది ఇక్కడ ఉందనే అనుకుంది. ఉన్న ఒక్క జవాబునూ మొరం కింద కప్పేశారని ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నూట పద్నాలుగు అంకె రాసిన రాయి మొదట్లో, మట్టి మెత్తగా ఉన్న చోట, జానెడు మొక్క ఒకటి నిలబడి ఉంది. సన్న ఆకులు రెండు వరసలుగా. నిర్మల ఆకును తిప్పి చూసింది. ఈనె కింద ఆవగింజంత పచ్చటి కాయలు, వరసగా. అదే. ఆమె వేలు పెట్టి చూపింది. తెంపలేదు.

సుక్కమ్మ వంగి చూసింది. ఇంకా దగ్గరగా వంగింది. తర్వాత నిటారుగా లేచి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుంది నిర్మల. కాదు, నవ్వు ఆపుకుంటోంది.

తిరిగి వచ్చేటప్పుడు ఊరు మేలుకుంది. నన్నే బీ వాకిలి ఊడుస్తూ వీళ్లిద్దర్నీ చూసి, నోరు తెరవబోయి, చటుక్కున చీపురు దిక్కు తిరిగింది. నిర్మల గడప దాటి లోపల కాలు పెట్టిన తర్వాతే సుక్కమ్మ నోరు విప్పింది.

"గిదేనా! అవ్వో, గిదేనా! మా పెరడు నిండ గదే. మొన్న నువ్వొచ్చినప్పుడు పీకి గంపల ఏసింది గదే. బర్రె గూడ ముట్టది దాన్ని!"

"పేరెర్కనా పెద్దమ్మా నీకు?"

"ఎందుకెర్క లేదు, పిల్లలకు గూడ ఎర్క." అని చెప్పబోయి, సుక్కమ్మ ఆగింది. నిర్మల మొహం చూసింది. గోడ మీద దండ వేసిన సిద్దయ్య ఫోటో దిక్కు చూసింది. గొంతు తగ్గించి అంది. "నేను చెప్పను బిడ్డా. ఆయన ఇన్నేండ్లు దాచింది నా నోట్లకెళ్లి వద్దు. నువ్వు పుస్తకాలల్ల చదువుకో. గాడ ఎట్లైన ఉంటది."

నిర్మల లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. పీట వేసింది. సుక్కమ్మ కూర్చుని, నీళ్లన్నీ తాగి, చెంబు బోర్లించి, "ఇప్పుడు సరిపాయె," అంది.

సోమవారం గిర్దావర్ చెప్పిన వేళకంటే గంట ఆలస్యంగా వచ్చాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పదిమంది పోగయ్యారు. సుక్కమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"అవ్వా, ఈ పిల్ల తండ్రికి రెండు పేర్లెందుకున్నయి?"

"నీకు లేవా? ఇంట్ల నిన్ను గిర్దావర్ సాబ్ అనే పిలుస్తదా మీ ఆమె?"

అరుగంతా నవ్వింది. గిర్దావర్ కూడా నవ్వి, కళ్లద్దాలు దించుకుని, "సరే, రాస్త. చెప్పు," అన్నాడు.

సుక్కమ్మ నవ్వలేదు. "మా తల్లిగారూర్ల చెనమోనోళ్లది ఆఖరి ఇల్లు. పెద్దాయన ఎల్లయ్య, గాయన కొడుకు సాయన్న, గాయన కొడుకు సిద్దయ్య. నన్ను ఈడికి ఇచ్చిన రెండో ఏడు శంకరమ్మకు ఇల్లరికం వచ్చిండు. ఆడ చెనమోని సిద్దయ్య. ఈడికొచ్చి పసిరికలకు మందిచ్చిండు, పసిరికల సిద్దయ్య ఐండు. ఇద్దరు లేరు సార్. ఒక్కడే బతికిండు, ఒక్కడే సచ్చిండు. రాస్కో."

గిర్దావర్ రాసుకుని, చదివి వినిపించి, స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు గట్టిగా ఒత్తింది, కాగితం వెనకకు కూడా దిగేటట్టు. నన్నే బీ, ఇంకో ముగ్గురు తర్వాత పెట్టారు.

లేవబోతూ గిర్దావర్ నిర్మలను అడిగాడు. "గెజిట్ల ఏస్కుంటె నీది గూడ చెనమోని అని మార్చుకోవచ్చు తల్లీ. తర్వాత బాధుండదు. ఏమంటవ్?"

ఎనిమిదో తరగతిలో ఎవరైనా ఈ మాట అడిగి ఉంటే ఆమె ఎగిరి గంతేసేది.

"మెమో మీదున్నదే ఉండనియ్యండి సార్," అంది.

ధ్రువపత్రం చేతికి వచ్చేసరికి బుధవారం రెండున్నర. అజ్మల్ మూడింటికి పంపించాడు. తర్వాత వెబ్ ఆప్షన్లు, తర్వాత ఎదురుచూపు. పది రోజులకు ఒక మధ్యాహ్నం అజ్మలే షాపుకు పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఎర్రగడ్డ! ఎర్రగడ్డల వచ్చింది!"

సేటు కౌంటరు వెనక నుంచి తల ఎత్తాడు. "ఎర్రగడ్డల పిచ్చి దవాఖాన కదరా ఉండేది?"

"దాని దగ్గర్నే సేట్, ఆయుర్వేదం కాలేజి. పక్క గేటు."

"జర చూసి పో బిడ్డా. గేటు తప్పినవంటె వాళ్లు మళ్ల బయటికి ఇడువరు."

అందరూ నవ్వారు, నిర్మల కూడా. మిఠాయి తెచ్చి పంచింది. సాయంత్రం ఇంటికొచ్చి గొళ్లెం తీసి, లోపల కూర్చుని, ఎవరికైనా ఫోను చేయాలనిపించి ఫోను తీసింది. ఈ నెలంతా తను మాట్లాడిన నంబర్లు వరసగా ఉన్నాయి. సేటు, అజ్మల్, గ్యాస్ బండి, మళ్లీ సేటు. ఇంకా కిందికి, ఇంకా కిందికి జరిపితే తొమ్మిది నెలల కింద, నర్సు నంబరు. పేరు రాసుకోలేదు. ఉత్త అంకెలే. ఆమె ఆ అంకెల మీద వేలు పెట్టి, తీసి, ఫోను బోర్లించింది.

కాలేజీలో చేరాల్సిన రోజు సోమవారం. పొద్దున్నే పోతే లైను తక్కువ ఉంటుందని అజ్మల్ చెప్పాడు. కాగితాల సంచి భుజాన వేసుకుని, తలుపుకు తాళం వేసి, వెలుతురు వచ్చీ రాకముందే నిర్మల వాకిలి దాటింది.

నన్నే బీ కల్లాపి చల్లుతోంది. ఇటు చూసి, సంచి చూసి, తల వంచుకుంది. బోరింగు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ ఉన్నవాళ్లు ఆపేశారు. వేపపుల్లతో నిలబడ్డ ముసలాయన మొహం గోడకు తిప్పుకున్నాడు. సందు చివరిదాకా ఒక్కరు కూడా ఆమెను యాడికని అడగలేదు. ఈరోజు ఆదివారం కాదు కదా అని మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి సుక్కమ్మ ఇల్లు వచ్చింది.

సుక్కమ్మ పెరట్లో ఉంది. గడ్డి అంతా పీకేసి నేల నున్నగా చేసింది. గోడ వారగా మాత్రం ఒక వరస, జానెడు ఎత్తు సన్న ఆకుల మొక్కలు, వదిలిపెట్టి ఉన్నాయి. ఆమె వాటికి చెంబుతో నీళ్లు పోస్తోంది. నిర్మల వైపు చూడలేదు. చెంబు ఒంచిన చేయి ఒక్క క్షణం ఆగింది, అంతే.

షేర్ ఆటోలో ఎల్బీనగర్. డ్రైవరు అందర్నీ అక్కడే దించుతాడు, ఎవర్నీ అడగడు. మెట్లెక్కి మెట్రో టికెట్ల వరసలో నిలబడింది. తనవంతు వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాడు అద్దం వెనక అతను.

ఆమె నోరు తెరవలేదు. ఇల్లు దాటినప్పటి నుంచి మళ్లీ ఇంట్లో కాలు పెట్టేదాకా. కానీ ఇప్పుడు తిరిగి కాలు పెడితే పలకరించేవాళ్లున్న ఇల్లు ఎక్కడుంది? వెనక ఎవరో అసహనంగా సంచి జరిపారు.

"ఎక్కడికమ్మా?"

"ఎర్రగడ్డ," అంది. ఆ రోజు ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"ఒక్కటేనా?"

ఆమె పక్కకు చూసింది. వరసలో ఆమె ముందు నిలబడ్డ కుర్రది తండ్రి చేయి పట్టుకుని అప్పటికే మెట్లెక్కుతోంది. చేతిలో ఇట్లాంటిదే కాగితాల సంచి.

"అవ్," అంది నిర్మల. "ఒక్కటే."